అగ్నిపర్వతాలకు మరణమున్నదా?

"అగ్నిపర్వతములు ఎన్ని విధములు? ఉదాహరణలతో వివరింపుము."

భూగోళశాస్త్ర పరీక్షాపత్రాలలో తరతరాలుగా స్థిరనివాసం ఏర్పరచుకున్న ప్రశ్న ఇది. దీని సమాధానం కూడా అంతే స్థిరమైనది. క్రియాశీలములు, నిద్రాణములు, విలుప్తములు అని మూడు మాటలు వ్రాసి, ఒక్కొక్క దాని క్రింద రెండేసి పేర్లు చేరిస్తే విద్యార్థికి పూర్తి మార్కులు దక్కుతాయి. మన కళాశాలలోనే ఉర్దూ మాధ్యమం విద్యార్థులు జిందా, ఖ్వాబీదా, ముర్దా అని వ్రాస్తారు. భాష వేరైనా సమాధానం ఒక్కటే, మార్కులూ ఒక్కటే. ఇరవై ఏళ్లకు పైబడి నేనూ అటువంటి సమాధానాల ప్రక్కన ఎర్రసిరాతో గుర్తు పెడుతూనే వచ్చాను. ఆ గుర్తులలో చాలా వాటికి నేడు పశ్చాత్తాపపడుతున్నానని ఈ వార్షిక సంచిక ముఖంగా విద్యార్థులకు, పాలకవర్గంలోని పెద్దలకు విన్నవించుకోదలచాను.

ఆ మూడు మాటలలో మొదటిదానితో నాకు పేచీ లేదు. మండుతున్న కొండను మండుతున్నదనడానికి శాస్త్రజ్ఞుడే కానక్కరలేదు. చిక్కంతా మిగిలిన రెండింటితోనే. నిద్ర, మరణం ప్రాణుల లక్షణాలు. ప్రాణి మరణించిందని వైద్యుడు నాడి పట్టి చెబుతాడు. పర్వతం మరణించిందని చెప్పినవాడు దేనిని పట్టి చూశాడు? చాలా సందర్భాలలో అతడు చూసినది పర్వతాన్ని కాదు, చరిత్ర గ్రంథాన్ని. అందులో విస్ఫోటనం ఏ నాలుగైదు వందల ఏళ్ల క్రిందటో జరిగినట్లుంటే పర్వతం నిద్రిస్తున్నదన్నాడు. ప్రస్తావనే లేకపోతే చనిపోయిందన్నాడు. మానవుడు వ్రాత నేర్చి అయిదు వేల సంవత్సరాలు. ఒక అగ్నిపర్వతం ఆయుర్దాయమో లక్షల సంవత్సరాలు. ఈగ తన జీవితకాలంలో ఏనుగు కదలలేదు గనుక ఏనుగు బొమ్మ అని తీర్మానించడం వంటిది ఇది.

క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ పాంపేయీ, హెర్క్యులేనియం నగరాలను పూడ్చివేసిన సంగతి అందరూ పాఠాలలో చదివినదే. అంతకు ముందు ఆ కొండ వాలులలో ద్రాక్షతోటలుండేవి. దాని శిఖరంపై కాలిన రాళ్లను గమనించి, ఒకప్పుడు ఇక్కడ నిప్పు ఉండి ఉండాలని స్ట్రాబో అనే గ్రీకు భూగోళవేత్త ముందే వ్రాశాడు. ఆ వ్రాత వలన ఒక్క ద్రాక్షతోట యజమాని కూడా ఊరు వదలినట్లు దాఖలా లేదు. ఇది ప్రాచీనుల అమాయకత్వమని మనం సరిపెట్టుకోవచ్చు. కాని ఇరవయ్యో శతాబ్దంలో మనం చేసినది ఏమిటి?

పాపువా న్యూగినీలో లామింగ్టన్ అనే కొండ ఉన్నది. 1951 జనవరి వరకు అది అగ్నిపర్వతమన్న సంగతే అక్కడి ప్రభుత్వాధికారులకు తెలియదు. దట్టమైన అడవి కప్పిన మామూలు కొండ అనుకున్నారు. ఆ నెల మధ్యలో భూమి అదరసాగింది, కొండ నుండి పొగ లేచింది. అయినా ఊళ్లు ఖాళీ కాలేదు. 21వ తేదీ ఆదివారం నాడు కొండ ప్రక్క బ్రద్దలై, మండే బూడిదా వాయువులూ కలసిన మేఘం నేల వెంట దూసుకువచ్చింది. జిల్లా కేంద్రమైన హిగటూరు తుడిచిపెట్టుకుపోయింది. మూడు వేలమందికి చేరువగా మరణించారు. పాఠ్యపుస్తకంలోని మూడు గడులలో ఆ కొండకు ఒక్క గడిలోనూ చోటు లేకపోవడమే వారి పాలిట మృత్యువైంది.

కొలంబియా కథ ఇంతకంటె బాధాకరమైనది. ఎందుకంటే అక్కడ అజ్ఞానం లేదు. నెవాడో డెల్ రూయిజ్ అనే మంచుకొండ 1984 చివరి నుండి అలజడి చూపుతూనే ఉన్నది. ఏ వైపు నుండి ఏ ప్రమాదం రాగలదో సూచించే పటం 1985 అక్టోబరులో తయారైంది. అర్మేరో పట్టణం బురద ప్రవాహం దారిలో ఉన్నదని ఆ పటం చూపింది. అసలు ఆ పట్టణం వెలసినదే 1845లో అదే కొండ నుండి దిగివచ్చి సుమారు వెయ్యిమందిని బలిగొన్న బురద మేట మీద. 1985 నవంబరు 13వ తేదీ రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో కొండ ప్రేలింది. ఆ ప్రేలుడు పెద్దదేమీ కాదు. కాని శిఖరం మీది మంచులో కొంత భాగాన్ని కరిగించడానికి అది చాలింది. ఆ నీరు బూడిదనూ బండలనూ కలుపుకొని లోయల వెంట దిగి, రెండు గంటలకు పైగా ప్రయాణించి అర్మేరోను చేరింది. రెండు గంటలు! ఎత్తైన మెరకకు నడచిపోవడానికి అంత సమయం కూడా అక్కరలేదు. సుమారు 23,000 మంది మరణించారు. పటం ఉన్నది, శాస్త్రజ్ఞులున్నారు, వ్యవధి ఉన్నది. లేనిదల్లా నూట నలభై ఏళ్లుగా నెమ్మదిగా ఉన్న కొండ మళ్లీ లేస్తుందన్న నమ్మకం.

పెద్దలు ఆగ్రహించకుండా ఉంటే ఒక మాట అంటాను. "నిద్రాణ" అన్న మాట విన్న మనస్సు సహజంగానే నెమ్మదిస్తుంది. అంతకంటె మన పల్లెటూరి ముసలమ్మ వాడే "నివురుగప్పిన నిప్పు" ఎంత శాస్త్రీయమైన మాట! పొయ్యిలో చెయ్యి పెట్టవద్దని పసివాడికి ఆ ఒక్క మాటలోనే బోధ జరుగుతుంది.

అయితే లోపల నిజంగా జరిగేదేమిటి? భూమి పైపెంకు క్రింద అంతా ద్రవాగ్ని సముద్రమనీ, పెంకుకు చిల్లుపడినచోట అది పైకి చిమ్ముతుందనీ మన విద్యార్థులలో ఒక గట్టి అపోహ ఉన్నది. అది నిజం కాదు. పెంకు క్రింద ఉన్న ప్రావారం మహా వేడిగా ఉన్నా, పై బరువు వలన దాదాపు అంతా ఘనరూపంలోనే ఉంటుంది. అది కరగడానికి ప్రత్యేక కారణం కావాలి. ఒక కారణం ఒత్తిడి తగ్గడం. సముద్రగర్భంలో భూఫలకాలు ఎడమైనచోట లోపలి శిల పైకి లేచి, బరువు తగ్గి, ఉన్న వేడికే కరుగుతుంది. ప్రెషర్ కుక్కరు మూత తీసినప్పుడు లోపలి నీరు ఒక్కసారి కుతకుతలాడడం వంటిది. రెండవ కారణం నీరు. ఒక ఫలకం మరొకదాని క్రిందికి దూరినప్పుడు సముద్రజలాన్ని రాతిలో ఇముడ్చుకొని వెంట తీసుకుపోతుంది. ఆ నీరు సోకిన వేడి శిల తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. కుల్ఫీ అమ్మేవాడు మంచుముక్కలలో ఉప్పు ఎందుకు కలుపుతాడో ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. జపాను, ఫిలిప్పీన్సు, ఇండోనీషియా, ఆండీస్ పర్వతాల అగ్ని అంతా ఈ విధంగా నీరు పుట్టించిన అగ్నియే. ఇవి గాక లోతుల నుండి లేచే ఉష్ణస్తంభాలు మూడవ కారణం. హవాయి దీవులు వాటి సృష్టి.

కరిగిన శిలాద్రవంలో వాయువులు ఇమిడి ఉంటాయి. గోలీసోడాలో గోలీ నొక్కేవరకు బుడగలు కనిపించవు గదా. ద్రవం పలుచనిదైతే వాయువు సులువుగా తప్పించుకుపోయి లావా ప్రశాంతంగా పారుతుంది. ద్రవం సిలికా ఎక్కువై బంకగా ఉంటే వాయువు లోపలే బిగిసి, చివరకు కొండనే పగులగొడుతుంది. అటువంటి కొండ శిలాద్రవాన్ని కూడబెట్టుకోవడానికి శతాబ్దాలు పట్టవచ్చును. కనుక సుదీర్ఘమైన మౌనం మరణానికి సాక్ష్యం కానక్కరలేదు. ఒక్కొక్కప్పుడు అది సన్నాహం.

ఫిలిప్పీన్సులోని పినటూబో సుమారు అయిదు వందల ఏళ్లు మౌనంగా ఉన్నది. 1991 ఏప్రిల్ 2న ఆవిరి ప్రేలుళ్లు మొదలయ్యాయి. ఈసారి ఆ దేశపు భూకంప, అగ్నిపర్వత అధ్యయన సంస్థ శాస్త్రజ్ఞులు, అమెరికా నిపుణులు పేరు చూసి గాక, నాడి పట్టి చూశారు. భూకంపమాపకాలు పెట్టి, వెలువడే గంధక వాయువును కొలిచారు. ఫ్రాన్సుకు చెందిన మారిస్, కాట్యా క్రాఫ్ట్ దంపతులు ప్రాణాలొడ్డి తీసిన చిత్రాలతో తయారైన ఒక చలనచిత్రాన్ని అధికారులకు, ప్రజలకు చూపించి, రాబోయేది ఎట్లుంటుందో కళ్లకు కట్టించారు. జూన్ 10న క్లార్క్ వైమానిక స్థావరం ఖాళీ అయింది. చుట్టుప్రక్కల ఊళ్ల నుండి వేలాది జనాన్ని తరలించారు. 15వ తేదీన ఇరవయ్యో శతాబ్దపు అతిపెద్ద విస్ఫోటనాలలో ఒకటి జరిగింది. అదే రోజు తుఫాను కూడా రావడంతో తడిసిన బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలి వందలమంది మరణించిన మాట నిజమే. కాని ముందు జాగ్రత్త వలన కనీసం అయిదు వేల ప్రాణాలు దక్కాయని నిపుణుల లెక్క. ఆకాశంలోకి చేరిన కోటిన్నర టన్నులకు మించిన గంధక వాయువు ఆ తరువాత ఏడాదికి పైగా భూగోళాన్ని అర డిగ్రీ మేరకు చల్లబరచింది. అంతమందిని కాపాడిన ఆ చిత్రం తీసిన దంపతులు మాత్రం పినటూబో ప్రేలడానికి పన్నెండు రోజుల ముందే, జూన్ 3న, జపానులోని ఉన్‌జెన్ పర్వతం మంటల మేఘంలో అసువులు బాశారు. ఆ ఉన్‌జెన్ అంతకు ముందు బ్రద్దలైనది 1792లో.

మన దేశం మాట ఏమిటని విద్యార్థులు అడుగుతారు. అండమాన్ సముద్రంలోని బేరన్ ద్వీపం 1832 తరువాత చప్పుడు చేయలేదు. నేను చదువుకునే రోజులలో అది నిద్రాణమని కంఠస్థం చేశాను. 1991లో అది మేల్కొన్నది. 2005లోనూ 2017లోనూ మళ్లీ నిప్పులు కక్కింది. నా పాత నోటుపుస్తకం మాత్రం నేటికీ అది నిద్రిస్తున్నదనే అంటుంది. ఇక 2025 నవంబరు 23న ఇథియోపియాలోని హాయ్‌లీ గుబ్బీ బ్రద్దలైంది. గడచిన పన్నెండు వేల ఏళ్లలో అది ఎన్నడైనా ప్రేలినట్లు శాస్త్రజ్ఞుల పట్టికలలో లేదు. దాని బూడిద ఎర్రసముద్రం, యెమెన్, ఒమాన్ దాటి మరునాటికి మన వాయవ్య రాష్ట్రాల ఆకాశానికి చేరింది, విమానాలు రద్దయ్యాయి. ముర్దా అనదగిన కొండ పంపిన బూడిద మన నెత్తి మీదుగా పోయిందన్నమాట.

కొండల విషయంలో చేసిన పొరపాటునే మనం గ్రహాల విషయంలోనూ చేశాము. అక్కడ మన తర్కం ఇది: చిన్న గోళం త్వరగా చల్లారుతుంది, పెద్ద గోళం నెమ్మదిగా చల్లారుతుంది. గిన్నెలోని పాలు బానలోని పాలకంటె ముందు చల్లారడం ఎవరెరుగరు? కనుక చంద్రుడు మృతుడు, భూమి సజీవ. తర్కం బాగానే ఉన్నది. కాని బృహస్పతి చుట్టూ తిరిగే అయో అనే ఉపగ్రహం దానిని తలక్రిందులు చేసింది. అయో వ్యాసం సుమారు 3,640 కిలోమీటర్లు, మన చంద్రునిది 3,474. ఇద్దరూ దాదాపు ఒకే కొలత. చంద్రుడు చల్లారితే అయో కూడా చల్లారి ఉండాలి. కాని బృహస్పతి ఒకవైపు, యూరోపా, గానిమీడ్ అనే తోటి ఉపగ్రహాలు మరొకవైపు లాగుతుంటే అయో శరీరం పిండి ముద్దలా నలుగుతూ వేడెక్కుతుందనీ, అక్కడ అగ్నిపర్వతాలుండవచ్చుననీ స్టాంటన్ పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే ముగ్గురు లెక్కకట్టి 1979 మార్చి ఆరంభంలో ప్రకటించారు. అదే వారంలో వాయేజర్-1 అయో ప్రక్కగా పోయింది. కొద్ది రోజులకు లిండా మొరబీటో అనే యువ ఇంజనీరు, నౌక గమనం సరిచూడడానికి నక్షత్రాలను వెదుకుతూ, ఒక ఛాయాచిత్రంలో అయో అంచున గొడుగు వంటి మేఘాన్ని కనుగొన్నది. అది అయో నేల నుండి దాదాపు 270 కిలోమీటర్ల ఎత్తుకు చిమ్మిన విస్ఫోటనం! నేడు అయోలో నాలుగు వందలకు పైగా సజీవ అగ్నిపర్వతాలను గుర్తించారు. వేడి ఎంత మిగిలిందని అడిగినవాడు పొరబడ్డాడు, వేడి ఎక్కడి నుండి వస్తున్నదని అడిగినవారు గెలిచారు.

శుక్రుని కథ మరీ విచిత్రం. మాజెలాన్ నౌక 1990 నుండి 1994 వరకు రాడార్ కిరణాలతో ఆ గ్రహాన్ని చిత్రించింది. వేలాది అగ్నిపర్వతాలు కనిపించాయి గాని, వాటిలో ఒకటైనా నేడు పనిచేస్తున్నదా అన్నది తేలలేదు. 2023లో రాబర్ట్ హెరిక్, స్కాట్ హెన్‌స్లీ అనే ఇద్దరు ఆ పాత చిత్రాలనే ముందువేసుకొని కూర్చున్నారు. 1991 ఫిబ్రవరిలో సుమారు రెండు చదరపు కిలోమీటర్లున్న ఒక బిలం, అక్టోబరు నాటికి దాదాపు రెట్టింపై ఆకారం మార్చుకున్నది. మాట్ మాన్స్ అనే మహాపర్వతం దాపున జరిగిన సంగతి ఇది. శుక్రుడు సజీవమేననడానికి సాక్ష్యం ముప్పైరెండేళ్లు బీరువాలో ఉన్నదన్నమాట. మన గ్రంథాలయంలో దుమ్ముపట్టిన సంపుటాలను చూసినప్పుడల్లా నాకిది జ్ఞాపకం వస్తుంది.

చంద్రుడు కూడా అంత త్వరగా మరణించలేదట. చైనా నౌక ఛాంగ్-5 2020లో తెచ్చిన లావా రాళ్ల వయస్సు సుమారు 200 కోట్ల ఏళ్లు. అంతకు ముందు తెచ్చిన రాళ్లలో ఏదీ ఇంత పిన్నది కాదు. అదే మట్టిలోని మూడు చిన్న గాజుపూసలు 12 కోట్ల ఏళ్ల నాటివే కావచ్చునని 2024లో ప్రకటించారు. అంగారకుని మీది ఒలింపస్ మాన్స్ సుమారు 22 కిలోమీటర్ల ఎత్తు. అక్కడి ఫలకాలు జరగవు గనుక, ఒకే చోట యుగాల తరబడి లావా పేరుకొని అంత పెరిగింది. శని ఉపగ్రహమైన ఎన్సెలాడస్ మీద 2005లో కెసినీ నౌక చూసిన చిమ్మన గ్రోవులు మంచువీ నీటి ఆవిరివీ. అక్కడ అగ్నీ లేదు, పర్వతమూ లేదు. తెలుగువారి అగ్నిపర్వతం గాని, ఉర్దూవారి ఆతిష్ ఫిషాన్ గాని, అంటే నిప్పును చిమ్మేది, దానికి అతకదు.

ఇంత చెప్పి, మృత అగ్నిపర్వతమన్నదే లేదని నేను వాదించబోవడం లేదు. ఉన్నది. మన కాళ్ల క్రిందనే ఉన్నది. సుమారు ఆరుకోట్ల అరవై లక్షల ఏళ్ల క్రిందట నేల చీలికల గుండా పొంగి, పొర మీద పొరగా మెట్లవలె పేరుకొన్న దక్కను లావా నేటికీ దాదాపు అయిదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్నది. వికారాబాదు, జహీరాబాదు, ఆదిలాబాదు ప్రాంతాలు దాని తూర్పు అంచులు. రాజమహేంద్రవరం వద్ద కాతేరు, పంగిడిలలో కనిపించే బసాల్టు కూడా పడమటి నుండి ప్రవహించి వచ్చిన ఆ లావాయేనని పలువురు పరిశోధకుల అభిప్రాయం. మన రైతు ప్రత్తి పండించే నల్లరేగడిలో చాలా భాగం ఆ రాయి చివికిన మట్టి. (హైదరాబాదు గుట్టల మీది బండలను కూడా అగ్నిపర్వతం విసరివేసిందని కొందరు విద్యార్థులు వ్రాస్తారు. అవి గ్రానైటు బండలు. భూగర్భంలోనే గడ్డకట్టిన మరెంతో పురాతనమైన శిల.)

ఈ దక్కను లావా మళ్లీ పొంగదని ధైర్యంగా చెప్పవచ్చును. చిరకాలంగా నెమ్మదిగా ఉన్నదన్నది అందుకు కారణం కాదు. దానిని పొంగించిన ఉష్ణస్తంభం మీది నుండి మన భూఫలకం ఉత్తరానికి జరిగివచ్చింది. లక్షదీవుల నుండి మాల్దీవుల మీదుగా ఛాగోస్ వరకు సముద్రంలో సాగే మిట్ట ఆ ప్రయాణపు జాడ అని శాస్త్రజ్ఞులంటారు. ఆ పొయ్యి నేడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం క్రింద ఉన్నది. అక్కడి పిటోన్ డి లా ఫోర్నేజ్ ప్రపంచంలో మిక్కిలి చురుకైన అగ్నిపర్వతాలలో ఒకటి. పొయ్యి ఆరలేదు, గిన్నె జరిగింది. విద్యార్థి ఇలా కారణం చూపి "మృతము" అని వ్రాస్తే రెండు చేతులతో మార్కులు వేస్తాను. కారణం చూపకుండా పేరు మాత్రం వ్రాస్తే ఇకపై వేయలేను.

వార్షిక పరీక్షల ప్రశ్నలు విశ్వవిద్యాలయం చేతిలోనివి. అంతర్గత పరీక్షల ప్రశ్నలు మన చేతిలోనివే. కనుక ఈ విద్యాసంవత్సరం నుండి ఆ పాత ప్రశ్నకు బదులు, "ఒక అగ్నిపర్వతం తీసుకొని, అది చివరిసారి ఎప్పుడు బ్రద్దలైనదో, దాని వేడికి మూలమేమిటో, అది మళ్లీ బ్రద్దలు కాదనడానికి ఆధారముంటే ఏమిటో వ్రాయుము" అని రెండు మాధ్యమాలలోనూ అడగాలని నా ప్రతిపాదన. ఉర్దూ శాఖలోని మిత్రులతో ఇప్పటికే మాట్లాడాను. వారికి అభ్యంతరం లేదు. ఖ్వాబీదా అన్న మాట పోతున్నందుకు ఒకరు మాత్రం, మాట అందమైనదని, కొంచెం విచారించారు.

పాలకవర్గానికి నా రెండవ మనవి ఖర్చుతో కూడినదే గాని పెద్దది కాదు. మన ప్రయోగశాల బీరువాలో అన్ని దేశాల ఖనిజాల నమూనాలూ ఉన్నాయి, మన దక్కను రాయి ఒక్కటీ లేదు. వర్షాలు వెళ్లిన తరువాత, రెండు మాధ్యమాల విద్యార్థులనూ కలిపి ఒకనాడు వికారాబాదు తీసుకుపోవడానికి రైలు ఖర్చులు మంజూరు చేయాలి. మూసీ పుట్టే అనంతగిరి కొండల దారిలో పైన ఎర్రని జేగురుమట్టి రాయి, దాని క్రింద నల్లని బసాల్టు కళ్లారా చూడవచ్చు. అనుమతి తీసుకొని నాలుగు ముక్కలు తెచ్చి, పేరూ వయస్సూ తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి బీరువాలో పెడదాము. ఒక సుత్తె, రెండు గోనెసంచులు, మంచినీళ్లు ఉంటే చాలు. సంచులు మోయడానికి నేను సిద్ధం.